ఏనుగు పక్కన బతికే ఊరికి సాయం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి చైతన్యపురి వైపు నడిస్తే దారి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి పైన హాస్టళ్ళ బోర్డులు. గ్రూప్స్ కోసం, బ్యాంకు పరీక్షల కోసం, సాఫ్ట్‌వేర్ కోర్సుల కోసం రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చిన యువతీయువకులు ఆ గదుల్లో ఉంటారు. పరీక్షకూ ఫలితానికీ నడుమ, కోర్సుకూ ఉద్యోగానికీ నడుమ వాళ్ళకు కొన్ని నెలలు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో ఫోన్ తెరిస్తే ఏదో ఒక రోజు ఒక ఫొటో కనిపిస్తుంది. థాయ్‌లాండ్‌లోనో శ్రీలంకలోనో పచ్చని పల్లె, వాగులో ఏనుగు, పక్కన నవ్వుతూ మన ఈడు కుర్రాడు. 'నేనూ వెళ్ళి కొన్నాళ్ళు ఏనుగులకు సేవ చేస్తే?' అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది.

ఆ కోరికను చిన్నచూపు చూడకండి. మనకు ఏ సంబంధమూ లేని ప్రాణి కోసం, మనకు తెలియని ఊళ్ళో, జీతం లేకుండా ఒళ్ళు వంచాలనుకోవడం గొప్ప సంస్కారం. అయితే మంచి మనసు ఒక్కటే చాలదు. తప్పు చోటుకు వెళ్తే మీ డబ్బుతోనే ఆ ఏనుగు మరింత బాధపడుతుంది. సరైన చోటుకు వెళ్తే మీ జీవితానికే ఒక దారి దొరకవచ్చు. ఆ తేడా తెలుసుకుని బయలుదేరడానికే ఈ అధ్యాయం.

మొదట అర్థం చేసుకోవాల్సింది

పెద్ద ఏనుగు రోజుకు దాదాపు 150 కిలోల మేత తింటుంది, 100 లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది. అంత మేత ఒక్కచోట దొరకదు కాబట్టి అది నడుస్తూనే ఉండాలి. తరతరాలుగా నడిచిన ఆ దారుల్లోకి ఇప్పుడు మన పొలాలు, రోడ్లు, రైలు పట్టాలు వచ్చాయి. శ్రీలంకలో 2023 ఒక్క ఏడాదిలోనే 400కు పైగా ఏనుగులు చనిపోయాయి. ఏనుగుల వల్ల చనిపోయిన మనుషులు 150 మందికి పైనే.

ఇది దూరదేశం కథ అనుకోవద్దు. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు పొలాల్లో కరెంటు తగిలి ఒకేసారి చనిపోయాయి. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర అడవుల నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒక ఒంటరి ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో రెండు రోజుల్లో ఇద్దరు రైతుల ప్రాణం తీసింది.

ఇలాంటి సంఘటనలు ఎక్కువగా జరిగేది అడవి అంచునున్న ఊళ్ళలోనే. ఒక్క రాత్రిలో ఏడాది పంట పోగొట్టుకున్న రైతు తెల్లవారి ఏం నిర్ణయించుకుంటాడన్న దాని మీదే ఏనుగు బతుకు ఆధారపడి ఉంది. కాబట్టి ఈ అధ్యాయంలో మీరు గుర్తుంచుకోవాల్సిన మాట ఒక్కటే: ఏనుగుకు సేవ చేయాలంటే దాని పక్కన బతికే మనిషికి సాయపడాలి. ఎక్కడికి వెళ్ళాలో, అక్కడ ఏం చేయాలో, తిరిగొచ్చాక ఏం చేయాలో అన్నీ ఈ మాట నుంచే తేలుతాయి.

చోటును ఎంచుకోవడం

ఏనుగుల పేరుతో పిలిచే చోట్లు స్థూలంగా మూడు రకాలు.

మొదటి రకం సవారీలు, ఆటలు, ఏనుగుతో కలిసి స్నానాలు ఉండేవి. వీటికి వెళ్ళకండి. మనిషిని వీపు మీద ఎక్కించుకునేలా ఏనుగును లొంగదీయడానికి గున్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి, కట్టేసి, భయపెట్టే పద్ధతులు చాలా చోట్ల ఉన్నాయి. వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ భారత్‌తో సహా ఆసియాలోని ఆరు దేశాల్లో పర్యాటకుల కోసం ఉంచిన దాదాపు 3,000 ఏనుగులను పరిశీలించి 2017లో నివేదిక ఇచ్చింది. ప్రతి నాలుగింటిలో మూడు దయనీయమైన స్థితిలో ఉన్నాయని తేలింది. గొలుసు కురచ, తిండి చాలదు, తిరగడానికి చోటు లేదు. స్నానం చేయించడం ముద్దుగా కనిపిస్తుంది. కానీ రోజంతా ఒక గుంపు తర్వాత మరో గుంపు వచ్చి నీళ్ళు పోస్తుంటే ఏనుగుకు అదీ చాకిరీయే.

రెండో రకం, చాకిరీ నుంచి తప్పించిన ఏనుగుల ఆశ్రయాలు. థాయ్‌లాండ్ 1989లో అడవుల్లో కలప నరకడం నిషేధించాక, దుంగలు లాగే ఏనుగులూ వాటి మావటీలూ పనిలేక పర్యాటకం వైపు మళ్ళారు. అలా నలిగిపోయిన ఏనుగులను చేరదీసి చియాంగ్ మై దగ్గర ఎలిఫెంట్ నేచర్ పార్క్ నడుపుతున్నది లేక్ చైలర్ట్ అనే మహిళ. అక్కడ స్వచ్ఛంద సేవకులు గుమ్మడికాయలు, అరటిపళ్ళు కడిగి కోస్తారు, గడ్డి కోస్తారు, పేడ ఎత్తుతారు. మన దేశంలోనే మథుర దగ్గర వైల్డ్‌లైఫ్ ఎస్‌వోఎస్ సంస్థ ఇలాంటి కేంద్రం నడుపుతోంది. 2018లో ఏనుగుల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి కూడా కట్టింది. పాస్‌పోర్టు లేనివాళ్ళు ముందు అక్కడి అవకాశాలు కనుక్కోవచ్చు.

మూడో రకం, అడవి ఏనుగుల మధ్య బతికే ఊళ్ళలో జరిగే పని. శ్రీలంకలో వస్గమువ జాతీయ పార్కు అంచున 'శ్రీలంక వైల్డ్‌లైఫ్ కన్జర్వేషన్ సొసైటీ' రైతులతో నారింజ మొక్కలు నాటిస్తోంది. ఏనుగులకు నిమ్మజాతి చెట్లంటే గిట్టదు. ఇంటి చుట్టూ నారింజ ఉంటే ఏనుగు బెడదా తగ్గుతుంది, పండ్లమ్మితే రాబడీ వస్తుంది. కెన్యాలో సావో ఈస్ట్ పార్కు పక్కనున్న సగల్లా ఊళ్ళో లూసీ కింగ్ అనే శాస్త్రవేత్త తేనెపట్టుల కంచె పరీక్షించారు. పొలం చుట్టూ తేనెపెట్టెలు వేలాడదీసి తీగతో కలుపుతారు. ఏనుగు తీగను తోస్తే పెట్టెలన్నీ ఊగి తేనెటీగలు లేస్తాయి, ఏనుగు వెనక్కి తిరుగుతుంది. మన ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2021లో కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో ఇదే ఉపాయం మొదలుపెట్టింది.

మూడో రకం చోట్ల మీరు ఏనుగును ముట్టుకోరు. కొన్ని రోజులు దూరం నుంచి కూడా కనిపించకపోవచ్చు. అయినా ముందుగా అక్కడికే వెళ్ళమంటాను. అక్కడ నేర్చుకున్నది తిరిగొచ్చాక మన ఊళ్ళలో నేరుగా పనికొస్తుంది.

సంస్థను అడగాల్సిన ప్రశ్నలు

డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు మెయిల్‌లో పంపండి. రాతలో జవాబు తీసుకోండి.

1. సవారీ, స్నానం, ఫొటోల కోసం తాకడం మీ దగ్గర ఉన్నాయా?
2. ఇప్పుడున్న ఏనుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? గున్నలను పుట్టించి సందర్శకులకు చూపిస్తారా?
3. నేను కట్టే సొమ్ములో ఊరివాళ్ళకు ఎంత చేరుతుంది? ఇల్లు, వంట, దారి చూపే పని ఎవరికి ఇస్తారు?
4. నేను చేసే పని ఊళ్ళో ఎవరి కూలినైనా పోగొడుతుందా?
5. రోజూ ఏ వేళకు ఏ పని? నేను సేకరించిన వివరాలు ఎవరు, దేనికి వాడతారు?
6. ఏ వీసా మీద రావాలి?
7. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం? ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది?

ఓపికగా, సూటిగా జవాబిచ్చే సంస్థను నమ్మవచ్చు. రెండో ప్రశ్నకు తప్పించుకుంటూ ఫొటోలు పంపే సంస్థను వదిలేయండి.

కాగితాలు, ఆరోగ్యం, డబ్బు

పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. జీతం లేని పనిని కూడా ఉద్యోగంగానే లెక్కగట్టే దేశాలున్నాయి. కాబట్టి 'టూరిస్ట్ వీసా చాలు' అని సంస్థ చెప్పినా ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

ధనుర్వాతం, టైఫాయిడ్, రేబిస్ టీకాల గురించి డాక్టరుతో ముందే మాట్లాడండి. కెన్యా వెళ్ళేవాళ్ళకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. క్షయ మనిషి నుంచి ఏనుగుకు, ఏనుగు నుంచి మనిషికి సోకుతుంది. వారాల తరబడి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోకుండా ఏనుగుల ఆశ్రయానికి వెళ్ళకండి. అది మీకోసం ఎంతో, ఏనుగుల కోసం కూడా అంతే.

ఖర్చు లెక్క కాగితం మీద వేయండి. విమానం, వీసా, బీమా, సంస్థకు కట్టేది, చేతి ఖర్చు. ఆ మొత్తానికి తోడు, అత్యవసరంగా తిరిగి రావాల్సి వస్తే టికెట్టు కొనేంత సొమ్ము విడిగా ఉంచండి. ఇందుకోసం అప్పు చేయకండి. అప్పు తెచ్చుకుని చేసే సేవలో మనసు నిలవదు. డబ్బు చాలకపోతే విదేశం వాయిదా వేసి, మన రాష్ట్రాల్లోని ఏనుగుల ఊళ్ళ నుంచే మొదలుపెట్టండి. వాటి గురించి చివర చెబుతాను.

ఇంట్లో ఒప్పించడం

'నోటిఫికేషన్ పడే వేళ ఏనుగులేమిటిరా?' అని నాన్న అడుగుతారు. 'అడవిలో నీకేమన్నా అయితే?' అని అమ్మ కంట తడి పెడుతుంది. వాళ్ళతో వాదించకండి. ఎంత ఖర్చుపెట్టి మిమ్మల్ని హాస్టల్లో ఉంచారో వాళ్ళకు తెలుసు. సంస్థ రాసిన జవాబులు, బీమా కాగితం, ఖర్చు లెక్క, తిరుగు టికెట్టు తేదీ ముందు పెట్టండి. ఆడపిల్లలైతే బస ఎక్కడ, గదికి గడియ ఉందా, అక్కడి బాధ్యురాలెవరు అన్నవి కూడా కనుక్కుని చెప్పండి. రోజూ ఏ వేళకు ఫోన్ చేస్తారో మాటివ్వండి, సిగ్నల్ ఉండని రోజులుంటాయనీ ముందే చెప్పండి. పరీక్ష తేదీలకు అడ్డురాని నెల ఎంచుకున్నారని తెలిస్తే నాన్న సగం మెత్తబడతారు. మీరు దేనికి వెళ్తున్నారో రెండు మాటల్లో స్పష్టంగా చెప్పగలిగితే మిగతా సగం కూడా.

సాధన ఎల్బీ నగర్ నుంచే

ఏనుగుల పనిలో కావాల్సిన మొదటి గుణం కదలకుండా, మాట్లాడకుండా చూడగలగడం. అది నేర్చుకోవడానికి విమానం అక్కరలేదు. ఎల్బీ నగర్ రింగ్ రోడ్డు దాటి విజయవాడ హైవే మీద కాస్త దూరం వెళ్తే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి జాతీయ పార్కు ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన నేల అది. మహావీరుడి 2,500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. విస్తీర్ణం 3,605 ఎకరాలు. ఒక పక్క లారీల రొద, మిగతా పక్కల కాలనీలు, మధ్యలో కృష్ణజింకలు.

ఒక ఉదయం ఫోన్ ఆపి, నోటుబుక్కు పట్టుకుని వెళ్ళండి. నడకదారి దాటకుండా ఒకచోట గంట సేపు కూర్చోండి. ఎన్ని జింకలు, ఏ వైపు నుంచి వచ్చాయి, గాలి ఎటు వీస్తోంది, ఏ చప్పుడుకు తలెత్తాయి అన్నీ రాయండి. మొదట పావుగంటకే విసుగొస్తుంది. అయినా మానకండి. వస్గమువలో సాయంత్రం చెరువు గట్టున కూర్చుని ఏనుగులు లెక్కపెట్టడానికి కావాల్సిన ఓపిక ఇదే. ఆ పార్కు చుట్టూ ఎలాంటి కంచె ఉంది, చెత్త ఎవరు వేస్తున్నారు అన్నవీ గమనించండి. ఊరికీ అడవికీ మధ్య గీత ఎంత పలుచనో మీ కాలనీ పక్కనే అర్థమవుతుంది.

జంతువుల దగ్గర ఒళ్ళు వంచడం అలవాటు కావాలంటే, 1992లో అమల అక్కినేని ప్రారంభించిన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది. ఎవరూ మెచ్చుకోని వేళ గచ్చు కడగడం, గాయపడిన కుక్కకు మందు పెట్టడంలో సాయపడటం మీకు ఇష్టంగా తోస్తే, ఏనుగు పేడ ఎత్తడం కష్టమనిపించదు. అడవి వైపు పనిచేయాలనుకుంటే హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ లాంటి సంస్థలున్నాయి.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళు

పెళ్ళివారింటికి సాయం వెళ్ళినవాళ్ళు వంటవాళ్ళ చేతిలోని గరిటె లాక్కోరు. 'నన్నేం చెయ్యమంటారు?' అని అడుగుతారు. ఏనుగుల ఊళ్ళోనూ అలాగే ఉండండి. వాళ్ళు ఏనుగులతో బతికింది తరాలు, మీరు ఉండేది కొన్ని వారాలు.

మొదటి రోజే నమస్కారానికి, కృతజ్ఞతకు, నీళ్ళకు, 'ఆగు'కు వాళ్ళ భాషలో మాటలు నేర్చుకోండి. ఆఖరిది మీ ప్రాణం కాపాడవచ్చు. వాళ్ళు పెట్టింది తినండి, సరిపడనిది ముందే నెమ్మదిగా చెప్పండి. ఫొటో తీసే ముందు అడగండి. పిల్లలకు చాక్లెట్లు, డబ్బు పంచకండి. ఇవ్వాలనిపిస్తే బడి పంతులును అడిగి బడికే ఇవ్వండి. 'మళ్ళీ వస్తాను, బోరు వేయిస్తాను' లాంటి మాటలు ఇవ్వకండి. నిలబెట్టుకోలేని మాట ఆ ఊళ్ళో మీ తర్వాత వచ్చేవాళ్ళను కూడా నమ్మకుండా చేస్తుంది.

మన రైతులు జొన్నచేలో మంచె వేసుకున్నట్టే శ్రీలంక రైతులు చెట్ల మీద మంచెలు కట్టుకుని రాత్రంతా కాపలా కాస్తారు. అనుమతిస్తే అలా కాపలా కాసే ఒక కుటుంబంతో ఒక సాయంత్రం గడపండి. నిద్ర లేని రాత్రులు ఆ ఇంటి చదువును, ఆరోగ్యాన్ని, సంపాదనను ఎలా తింటాయో అక్కడ తెలుస్తుంది. ఏనుగును కోపగించుకునే రైతు మీద మీకున్న చిరాకు అక్కడే పోతుంది.

పని విషయానికొస్తే అడుగుజాడలు కొలవడం, పేడకుప్పలు లెక్కపెట్టడం, కెమెరాల కార్డులు మార్చడం, పంట నష్టం నమోదు చేయడం ఉంటాయి. ముందుకాలి అడుగు చుట్టుకొలతకు రెండింతలు వేస్తే ఏనుగు భుజం ఎత్తు దాదాపుగా తెలుస్తుంది. ఆ ఎత్తును బట్టి వయసు అంచనా వేస్తారు. అంకె తప్పు రాస్తే దాని మీద తీసుకునే నిర్ణయమూ తప్పుతుంది. అందుకే సందేహం ఉన్న అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టడానికి మొహమాటపడకండి.

ఏనుగు దగ్గరగా వస్తే

అడవి ఏనుగు మనిషి కంటే వేగంగా పరుగెత్తుతుంది. చీకటి పడ్డాక, తెల్లవారకముందు ఒంటరిగా బయటికి వెళ్ళకండి. గున్నలున్న గుంపుకు, మదం కారుతున్న మగ ఏనుగుకు చాలా దూరంలో ఉండండి. సెల్ఫీ కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. రాళ్ళు, టపాసులు విసరకండి. వెంట ఉన్న స్థానికుడు వెనక్కి నడవమంటే కారణం అడగకుండా నడవండి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోన అడవిలో నడిచి వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. భక్తితో వెళ్ళినా, సేవకు వెళ్ళినా ఏనుగుకు తేడా తెలియదు.

తిరిగొచ్చాక అసలు పని

విదేశంలో నేర్చుకున్నది ఫోన్‌లో ఫొటోలుగా మిగిలిపోతే ఆ ఖర్చు వృథా. ఆ పనితనం కోసం ఎదురుచూస్తున్న తెలుగు ఊళ్ళున్నాయి.

చిత్తూరు జిల్లాలోకి 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. కుప్పం, పలమనేరు, రామకుప్పం చుట్టుపక్కల రైతులు అప్పటి నుంచి ఏనుగుల పక్కనే సేద్యం చేస్తున్నారు. రామకుప్పం మండలం ననియాల శిబిరంలో జయంత్, వినాయక్ అనే కుంకీలు, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులు, గుంపులను అడవిలోకి మళ్ళించే పనిలో సాయపడుతూ వచ్చాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు మరికొన్ని కుంకీలను అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం కట్టారు. ఉత్తరాన పార్వతీపురం మన్యం జిల్లాలోకి ఒడిశా నుంచి వచ్చిన గుంపు ఏళ్ళుగా పొలాల మధ్యే తిరుగుతోంది.

అక్కడ మీరేం చేయగలరు? ఏనుగును తరమడం శిక్షణ ఉన్న ట్రాకర్ల పని, అటవీ సిబ్బంది పని. శిబిరంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. కానీ అటవీ శాఖ అధికారిని కలిసి, పంచాయతీతో మాట్లాడి చేయగలిగినవి చాలా ఉన్నాయి. పంట పోయిన రైతుకు ఫొటోలు తీసిపెట్టి, పాస్‌బుక్ నకలు జతచేసి, నష్టపరిహారం దరఖాస్తు నింపిపెట్టవచ్చు. ఏ రాత్రి ఏ పొలంలో ఏనుగు దిగిందో ఊరి పటం మీద గుర్తించవచ్చు. ఏనుగు కదలిక తెలిసిన వెంటనే అందరికీ చేరేలా ఫోన్ గ్రూపు నడపడంలో సాయపడవచ్చు. ఏనుగు ఎదురైతే ఏం చేయాలో బడిపిల్లలకు తెలుగులో బొమ్మలతో చెప్పవచ్చు. గ్రూప్స్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో మీరు చదివిన పరిపాలన, చట్టాలు, దరఖాస్తుల భాష అన్నీ ఇక్కడ రైతుకు అక్కరకొస్తాయి.

ఈ నెలలో మీరు చేయాల్సినవి

- మొదటి వారం: హరిణ వనస్థలిలో ఒక ఉదయం గడిపి, చూసింది రెండు పేజీలు రాయండి.
- రెండో వారం: ఒక ఆశ్రయాన్ని, ఒక ఏనుగుల ఊరి ప్రాజెక్టును ఎంచుకుని పై ఏడు ప్రశ్నలు పంపండి.
- మూడో వారం: ఖర్చు లెక్క, టీకాల జాబితా తయారుచేసి ఇంట్లో మాట్లాడండి.
- నాలుగో వారం: కుప్పం లేదా పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వాళ్ళెవరైనా మీ హాస్టల్లో ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే, వాళ్ళ ఊళ్ళో ఏనుగుల సంగతి అడిగి శ్రద్ధగా వినండి.

ఈ నాలుగూ పూర్తయ్యాక కూడా మీ కోరిక గట్టిగా నిలిచి ఉంటే బయలుదేరండి. శ్రీలంక వెళ్ళినా కెన్యా వెళ్ళినా వెళ్ళేది నేర్చుకోవడానికని గుర్తుంచుకోండి. నేర్చుకున్నది పట్టుకుని ఒక్కసారైనా కుప్పం వైపో, భామిని వైపో వెళ్ళండి. అక్కడ ఒక రైతు పరిహారం సకాలంలో అందేలా చేసినా మీరు ఏనుగుకు సేవ చేసినట్టే.